రొట్టెలో రెండు ముక్కలు

నాలుగో రోజు కూడా రెండిళ్ళ నడిమి తలుపుకు గొళ్ళెం పడే ఉంది.

అసలు ఆ తలుపుకు గొళ్ళెం ఉందన్న సంగతే అరుణకు మొన్నటిదాకా తెలియదు. కోడలిగా వచ్చిన ఇరవై అయిదేళ్ళలో ఒక్కసారీ అది పడగా చూడలేదు. పొద్దున ఎనిమిదింటికల్లా ఈ ఇంటి కూర ఆ ఇంటికి, ఆ ఇంటి పచ్చడి ఈ ఇంటికి వెళ్ళాల్సిందే. గిన్నె అందిన అయిదు నిమిషాలకు గోడ అవతల నుంచి చిన్నత్త బుల్లెమ్మ కేక వినిపిస్తుంది. "ఉప్పు తక్కువైంది అక్కా!" ఇటు నుంచి అత్త సత్తెమ్మ ఊరుకోదు. "నీ నాలికెకే రుచి లేదు, తిను!" జిన్నారం బస్సు రాని రోజులు ఉన్నాయి గానీ ఈ కేకలు లేని రోజు లేదు.

ఇప్పుడు బుల్లెమ్మ స్టీలు గిన్నె సత్తెమ్మ వంటింటి గట్టు మీద బోర్లించి ఉంది. నాలుగు రోజులుగా అక్కడే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు.

"అత్తమ్మా, గిన్నెన్న పంపుదాం," అంది అరుణ. "ఉత్త గిన్నె పంపొద్దు కాబట్టి ఇంత చిక్కుడుకాయ కూర ఏసి నేనే ఇచ్చొస్త."

"వద్దు."

"చిన్నత్తమ్మ నిన్నటి సంది అన్నం ముట్టలేదట."

"దాని ముచ్చట నా ముందల తియ్యకు, అరుణా."

సత్తెమ్మ పెనం మీద జొన్నరొట్టెను వేళ్ళతోనే తిప్పింది. డెబ్బై దాటినా ఆమె అట్లకాడ పట్టుకోదు. ఇవాళ మాత్రం రొట్టె ఒక అంచున మాడింది. అత్త చేతిలో రొట్టె మాడటం అరుణ ఇదే చూడటం.

ఇంతా చేసి ఇంటికి నిప్పు పెట్టింది రెండు ఇంగ్లీషు మాటలు. బొల్లారంలో అరుణ భర్త రాజశేఖర్, బుల్లెమ్మ కొడుకు అనిల్ పనిచేసే మందుల కంపెనీలో హెల్త్ క్యాంపు పెట్టి, షిఫ్టుకు ముందు అందరిచేతా గొట్టాల్లోకి ఉమ్మి వేయించుకున్నారు. షుగర్ వస్తుందా, బీపీ వస్తుందా అని చెప్పే కాగితాలతో పాటు, మీ రక్తం ఎవరెవరితో కలుస్తోందో అని ఒక జాబితా కూడా వచ్చింది. రాజశేఖర్ కూతురు తనుశ్రీ సరదాపడి ఆ జాబితాలన్నీ వంశవృక్షం గీసే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించింది. ఆదివారం మధ్యాహ్నం అందరూ బుల్లెమ్మ ఇంట్లో ఒక్కచోట తింటుంటే, అనిల్ ఆమె భుజం మీదుగా స్క్రీన్ చూసి పైకే చదివాడు.

"రాజశేఖరన్నకు నేను... హాఫ్ బ్రదరట! సగమేంది, నేను నిండు తమ్ముణ్ణే కదా!"

అందరూ నవ్వారు. తనుశ్రీ కూడా నవ్వుతూనే చెప్పేసింది. "అట్ల కాదు బాబాయ్. హాఫ్ బ్రదర్ అంటే నాయిన ఒక్కడే, అమ్మలు వేరన్నట్టు."

ఆ మాటతో నవ్వులు ఆగిపోయాయి. రాజశేఖర్ తండ్రి కొమురయ్య, అనిల్ తండ్రి సోమయ్య సొంత అన్నదమ్ములు. ఇద్దరూ పోయారు. వాళ్ళ భార్యలు సత్తెమ్మ, బుల్లెమ్మ ఉన్నారు, ఎదురెదురుగా, చేతులు కంచాల్లో పెట్టుకుని. సత్తెమ్మే ముందు లేచింది. చెయ్యి కడుక్కుని, తన ఇంట్లోకి వచ్చి, గొళ్ళెం పెట్టేసింది.

"అనిల్ నవ్వుకుంట చదివిండు, పిల్ల నవ్వుకుంట చెప్పింది," అంది అరుణ ఇప్పుడు. "నువ్వొక్కదానివే దాన్ని పట్టుకున్నవు. మామయ్య అసువంటోడా?"

సత్తెమ్మ పిండిముద్ద చేతిలోకి తీసుకుంది. రొట్టె చరవడం మొదలుపెట్టింది.

"నాకు పచ్చకామెర్లైనయి," అంది. "శేఖర్‌కు మూడేండ్లప్పుడు. నన్ను జోగిపేట కాడ మా అమ్మోళ్ళింటికి తోలిండ్రు. అయిదు నెలలున్న. అప్పుడు మీ మామకు గీ ఇంట్ల అన్నమెవలు పెట్టిండ్రు?"

"చిన్నత్తమ్మ పెట్టి ఉంటది. ఇంకెవరు పెడ్తరు?"

"సోమయ్య లారీ మీద పోయేటోడు. నెలకు రెండుసార్లు ఇంటిమొకం చూసేటోడు." సత్తెమ్మ చెయ్యి ఆగింది. "నేను తిరిగొచ్చేటాలకు దానికి మూడో నెల."

అరుణ పొయ్యి మంట తగ్గించింది.

"గిన్నేండ్లు గిదే మనసుల పెట్టుకున్నవా అత్తమ్మా?"

"ఒక్కనాడన్న అనుకుంటే నా కండ్లు పోవాలె. నా చెల్లెను మరిదికి చేసుకుందామని కాళ్ళావేళ్ళా పడి తెచ్చింది నేను. ఒక్కనాడు అనుకోలే. ఇప్పుడేమో అది తప్ప ఇంకో ఆలోచన వస్తలేదు."

సత్తెమ్మకు మొగుడి మీద కోపం లేదు. పోయినవాడితో ఏం కొట్లాడుతుంది? చెల్లెలు లేకుండా మిగతా రోజులు ఎలా గడపాలో తెలియక భయం వేస్తోంది.

*

మూడు గంటలకు కంపెనీ బస్సు దిగి రాజశేఖర్ ఇంటికి వచ్చాడు. చెప్పులు విడిచి, అరుణ ఇచ్చిన చెంబు అందుకున్నాడు.

"మాట్లాడిండా అనిల్?"

"వెనక సీట్ల బీహార్ పోరగాళ్ళ నడుమ కూసున్నడు. పదహారేండ్ల సంది నా పక్క సీటే ఆనిది. ఇయ్యాల నా పక్కన టిఫిన్ బ్యాగు కూసుంది."

"నువ్వే పిలవాలె మరి."

"ఏమని పిలువాలె? తమ్మీ అనాలెనా? ఆ మాటే నోట్లకెళ్ళి వస్తలేదు."

వసారాలో ప్లాస్టిక్ బల్ల మీద ల్యాప్‌టాప్ ముందు తనుశ్రీ కూర్చుని ఉంది. నాలుగు రోజులుగా పటాన్‌చెరులో డిగ్రీ కాలేజీకి కూడా పోలేదు. కూతుర్ని చూడగానే రాజశేఖర్‌కు లోపలున్న చిరాకంతా బయటికి వచ్చింది.

"ఇంక గదే ముందలేసుకున్నవా? తీసెయ్ అదంత! ఇప్పుడే నా ముందల తీసెయ్!"

"తీసేస్తె నాయినమ్మ మనసులకెళ్ళి పోతదా డాడీ?"

"ఎదురు మాట్లాడకు."

"మాట్లాడుత. మీరు ఉమ్మి ఇచ్చిండ్రు, నేను ఎక్కించిన. నోరు జారింది నేను. ఇది ఎందుకు గట్ల చెప్పిందో తెలిసేదాక దీన్ని ఇడ్వను."

పిల్ల కళ్ళు ఉబ్బి ఉన్నాయి. రాజశేఖర్ కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు. కోపం పోయి కాదు, కాళ్ళు నొప్పులు పుట్టి.

తనుశ్రీ చేస్తున్నది ఓపిక పని. జాబితాలో నూట పద్నాలుగు పేర్లున్నాయి. అందులో చాలామంది ఎవరో, ఎక్కడివాళ్ళో తెలియదు. ఒక్కొక్క పేరు తీసి, తండ్రితో ఎంత కలిసింది, ఇంకా ఎవరితో కలిసింది చూసి, పక్కన రంగు చుక్క పెడుతోంది. కొమురయ్య తాత వైపు వాళ్ళకు నీలం. నాయినమ్మ పుట్టింటి వాళ్ళకు పసుపు. జోగిపేటలో సత్తెమ్మ తమ్ముడు సంగప్ప ఉన్నాడు. ఆయన మనవడు బెంగళూరులో ఎప్పుడో ఇలాగే పరీక్ష చేయించుకున్నాడు. అతనికి పసుపు. అతనితో కలిసిన తొమ్మిది మందికీ పసుపు.

చివరికి అనిల్ పేరు వచ్చింది. తనుశ్రీ నీలం చుక్క పెట్టింది. వెంటనే పక్కన ఎర్రటి గుర్తు వెలిగింది.

"ఏంది గది?" అన్నాడు రాజశేఖర్.

"బాబాయ్ జోగిపేటోళ్ళతోని గూడ కలుస్తున్నడట. చెట్టుల దారి కనవడ్తలేదు, ఒకసారి సూడుమంటున్నది." తనుశ్రీ విసుక్కుంటూ పసుపు చుక్క కూడా పెట్టింది. "కలువడా మరి? చిన్న నాయినమ్మ మా నాయినమ్మకు సొంత చెల్లె. గంత గూడ తెల్వదా నీకు?"

కంప్యూటర్‌ను కసిరింది గానీ, కసిరిన తర్వాత ఆమె నోరు తెరుచుకునే ఉండిపోయింది.

"డాడీ," అంది మెల్లగా. "దీనికి నిజంగనే తెల్వదు."

చెట్టును తెరిచి చూపించింది. కొమురయ్య, సోమయ్యలకు పైన తండ్రి, తాత, ముత్తాత ఏడు తరాలదాకా గళ్ళు నిండుగా ఉన్నాయి. సత్తెమ్మకు పైన గళ్ళు ఖాళీ. బుల్లెమ్మకు పైన కూడా ఖాళీ. ఇద్దరి మధ్యా ఒక్క గీత లేదు.

"ఎందుకు రాయలే నువ్వు?"

"మీరిచ్చిన కాయిదం చూసే కదా ఎక్కించిన!"

రాజశేఖర్ లోపలికి వెళ్ళి బీరువాలోంచి ఆ కాయిదం తెచ్చాడు. పొలం పాసుబుక్కుల కోసం కొమురయ్య కాలంలో రాయించిన కుర్సీనామా, వంశావళి. ఎవరి కొడుకు ఎవరో, ఎవరి వాటా ఎవరికి చేరుతుందో తెలియడానికి రాసింది. మడతల దగ్గర చిరిగిన దాన్ని ఆయన వేలితో చదువుకుంటూ పోయాడు. కొమురయ్య, భార్య సత్తెమ్మ. సోమయ్య, భార్య బుల్లెమ్మ. అంతే. ఆడవాళ్ళు ఏ ఇంటినుంచి వచ్చారో, ఎవరికి పుట్టారో అందులో ఒక్క ముక్క లేదు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతిని మళ్ళీ రాసుకోవడం ఎందుకని ఎవరూ రాయలేదు.

తనుశ్రీ ఇద్దరికీ పైన ఒక తల్లి గడి, ఒక తండ్రి గడి పెట్టింది. పేర్లు తెలియక 'ముత్తవ్వ', 'ముత్తాత' అని రాసింది. ఎర్ర గుర్తు మాయమైంది. అనిల్ పేరు పక్కన కొత్త వరుస వచ్చింది. రెండు వైపులా అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పిల్లలు. కలవాల్సింది వందకు ఇరవై అయిదు. కలిసింది ఇరవై నాలుగున్నర.

రాజశేఖర్ ఊపిరి వదిలాడు. "అయిపాయె. గంతే కదా?"

"ఆగుండ్రి డాడీ. సగం తమ్ముడైనా వందకు ఇరవై అయిదే. అదే కదా తిప్పలు."

తనుశ్రీకి ఒక మొండితనం ఉంది. అది నాయినమ్మ నుంచే వచ్చింది. చెట్టుకు ఒక కాపీ తీసింది. అందులో అనిల్ తండ్రి పేరు చెరిపి, ఇంట్లో అందరూ భయపడుతున్న పేరు రాసింది. కొమురయ్య.

రాజశేఖర్ ముఖం తిప్పుకున్నాడు.

"చూడుండ్రి."

"నేను చూడ."

"డాడీ, చూడుండ్రి! గట్ల అయ్యుంటే ముప్పై ఏడున్నర రావాలెనట. తల్లులు అక్కచెల్లెండ్లు కదా, ఆ దిక్కుది గూడ కలుస్తది. మనకు వచ్చింది ఇరవై నాలుగున్నర. ఏడ ఇరవై నాలుగు, ఏడ ముప్పై ఏడు!"

రాజశేఖర్ స్క్రీన్ వైపు చాలాసేపు చూశాడు. "ఇంకోసారి చెప్పు," అన్నాడు. తనుశ్రీ ఇంకోసారి చెప్పింది. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకున్నది చెమట మాత్రమే కాదని అరుణకు తెలిసింది, అడగలేదు.

"పో, మీ నాయినమ్మకు చెప్పు."

"పర్సెంటేజీలు చెప్తే ఇంటదా?"

"నువ్వు జెరుగు," అంది అరుణ. "నేను చెప్త."

*

అరుణ రొట్టెల బుట్ట తెచ్చి అత్త ముందు పెట్టింది. ఒక రొట్టె తీసి కత్తిపీట మీద ఎనిమిది ముక్కలు చేసింది. పొద్దున మాడిన రొట్టే అది.

"ఆకలైతలేదు నాకు," అంది సత్తెమ్మ.

"తినేటందుకు కాదు. చూడు. ఇద్దరు అన్నదమ్ములకు చెరొక కొడుకు. ఆ కొడుకులకు నడుమ రక్తం ఎంత కలుస్తదంటే, గీ ఎనిమిదిట్ల ఒక్క ముక్కంత." ఒక ముక్క తీసి కంచంలో పెట్టింది. "ఇద్దరు అక్కచెల్లెండ్లకు చెరొక కొడుకు. అప్పుడు?"

"అప్పుడు గూడ ఒకటేనా?"

"ఒకటే." అరుణ రెండో ముక్క కూడా కంచంలో పెట్టింది. "నీ కొడుకు, అనిల్ అటు అన్నదమ్ముల పిల్లలు, ఇటు అక్కచెల్లెండ్ల పిల్లలు. మొత్తం రెండు."

సత్తెమ్మ కంచంలోని రెండు ముక్కల వైపు చూసింది.

"సగం తమ్ముడన్నా గూడ రెండు ముక్కలే నాయినమ్మా," తనుశ్రీ అందుకుంది. "అందుకే అది మోసపోయింది. మీరు అక్కచెల్లెండ్లని దానికి తెల్వదు. నువ్వు అనుకున్నదే నిజమైతే తాత దిక్కు రెండు, మీ దిక్కు ఒకటి. మూడు ముక్కలు రావాలె." మూడోది తీసి కంచం అవతల పెట్టింది.

"ఎన్ని వచ్చినయి?"

"రెండు. రెండుకు గూడ ఇంత తక్కువ."

సత్తెమ్మ వేలితో ముక్కలు తాకి లెక్కపెట్టుకుంది. ఒకటి, రెండు. మళ్ళీ ఒకటి, రెండు. ఎవరూ తొందర పెట్టలేదు.

"మేము అక్కచెల్లెండ్లమని దానికెందుకు తెల్వదు?" అంది ఉన్నట్టుండి. "ఊరంతటికి తెలుసు."

"కుర్సీనామల లేదు అవ్వా," అన్నాడు రాజశేఖర్.

"లేదా? అమ్మానాయిన లేకుంటనే పుట్టినమా మేము?" సత్తెమ్మకు కోపం వచ్చింది. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆమెకు మామూలు కోపం వచ్చింది, ఇంట్లో అందరికీ అలవాటైన కోపం. అరుణకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. "గా కాయిదం రాసినోని చెయ్యి ఇరగ! మా నాయిన పేరు రాస్తె ఆని సిరా అయిపోతుండెనా?"

అంటూనే ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చి, కంచం అవతల ఉన్న మూడో ముక్కను తీసి నోట్లో వేసుకుని, దాన్ని కసితీరా నమిలి మింగింది.

"గిన్నె తే," అంది అరుణతో.

*

గొళ్ళెం బిగుసుకుపోయింది. రాజశేఖర్ చెయ్యి వేయబోతే సత్తెమ్మ వద్దంది. ఒక చేతిలో చిక్కుడుకాయ కూర గిన్నె, దాని మీద రెండు రొట్టె ముక్కలు. రెండో చేత్తో తనే లాగింది.

తలుపుకు అవతల, గోడకు ఆనుకుని బుల్లెమ్మ కూర్చుని ఉంది. చేటలో బియ్యం ఉన్నాయి. ఏరడం ఎప్పుడో అయిపోయింది. చేట అలాగే ఒళ్ళో పెట్టుకుని ఉంది. మంచం మీద అనిల్ లేచి నిలబడ్డాడు.

తనుశ్రీ అంతా మళ్ళీ చెప్పింది. ఈసారి రొట్టె ముక్కలు చూపిస్తూ గబగబా చెప్పింది. మధ్యలోనే అనిల్ లోపలికి వెళ్ళిపోయాడు. సోమయ్య ఫోటో ముందు నిలబడి, నలభై నాలుగేళ్ళ మనిషి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రాజశేఖర్ వెనకే వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు.

"తమ్మీ. రేపటి సంది ముంగటి సీట్ల కూసో. ఆ టిఫిన్ బ్యాగుతోని నేను ఏగలేను."

ఏడుపులోనే అనిల్‌కు నవ్వొచ్చింది. బయట అరుణ కూడా నవ్వింది. నాలుగు రోజుల తర్వాత రెండిళ్ళలోనూ గాలి ఆడినట్టయింది.

తనుశ్రీ ల్యాప్‌టాప్ తెచ్చి ఇద్దరు ముసలమ్మల మధ్య పెట్టింది. "పేర్లు చెప్పుండ్రి. రాస్త."

"మా నాయిన ఎల్లప్ప," అంది సత్తెమ్మ.

తల్లి పేరు బుల్లెమ్మ చెప్పాలని ఆగింది. బుల్లెమ్మ స్క్రీన్ వైపు చూడకుండానే చెప్పింది. "నర్సమ్మ."

రెండు పేర్లు గళ్ళలో పడ్డాయి. కింద ఇద్దరు కూతుళ్ళు, పక్కపక్కనే.

అప్పుడు బుల్లెమ్మ తలెత్తి అక్కను చూసింది.

"మిషిన్ చెప్పేదాక ఆగినవు అక్కా. నాలుగొద్దులు గోడకు ఈ దిక్కు కూసొని చూసిన. నన్నొక్క మాట అడుగకపోతివి."

సత్తెమ్మ చేతిలో గిన్నె అలాగే ఉంది.

"అడిగితె," అంది సత్తెమ్మ, "నువ్వు అవునంటవేమోనని భయపడ్డ."

బుల్లెమ్మ చేట పక్కన పెట్టి, గిన్నె అందుకుని, లోపలికి వెళ్ళిపోయింది. సత్తెమ్మ తలుపు గడప మీదే కూలబడింది.

"అత్తమ్మా, దీపం పెట్టే యాళ్ళ. గడప మీద కూసుంటవా?" అంది అరుణ.

"అది పిలిచేదాక లేవ."

రోడ్డు మీద ఇంకో కంపెనీ బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. లోపల కంచం చప్పుడైంది. గరిటె చప్పుడైంది. తర్వాత ఏమీ వినపడలేదు. అందరూ చెవులు అటే పెట్టి నిలబడ్డారు.

"ఉప్పు తక్కువైంది అక్కా!"

సత్తెమ్మ కళ్ళు మూసుకుంది. "నీ నాలికెకే..." అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఇనవడ్డదా?" లోపలి నుంచి గొంతు మళ్ళీ వచ్చింది, ఈసారి కొంచెం తగ్గి. "ఉప్పు డబ్బ తీస్కొని నువ్వొక్కదానివే రా. మిషిన్ చెప్పింది అనిల్ ముచ్చటే. నువ్వు లేని ఆ అయిదు నెలల ముచ్చట నేనొక్కదాన్నే మోస్తున్న. నువ్వు అడుగకున్నా ఇయ్యాల చెప్త."

రాజశేఖర్, అనిల్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సత్తెమ్మ ఎవరి ముఖమూ చూడలేదు. తన వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా చేతిలోకి తీసుకుని, నడిమి తలుపు దాటి, చెల్లెలింట్లోకి నడిచింది.